స్కిజోఫ్రీనియాలో నిర్ణయం ఎక్కడ తడబడుతుంది

సభకు నమస్కారం.

స్కిజోఫ్రీనియా అనగానే చాలామందికి గుర్తుకొచ్చేవి ఎవరికీ వినపడని గొంతులు, లేనిపోని అనుమానాలు, తనలో తాను మాట్లాడుకునే మనిషి. ఆ లక్షణాలు ఉన్న మాట నిజమే. అయితే ఈ జబ్బు ఒక మనిషి బతుకును రోజూ కొంచెం కొంచెంగా కోసేది మాత్రం అంతగా కంటికి కనపడని చోట, అంటే నిర్ణయాలు తీసుకునే దగ్గర. మందు వేసుకోవాలా మానేయాలా, ఆగిపోయిన చదువు మళ్లీ మొదలుపెట్టాలా, పక్కింటాయన చూసిన చూపులో ఏదైనా అర్థం ఉందా, అసలు ఈ పొద్దున మంచం దిగాలా వద్దా అన్నవన్నీ నిర్ణయాలే. ఈ జబ్బు వచ్చినంత మాత్రాన నిర్ణయశక్తి మొత్తం తుడిచిపెట్టుకుపోతుందనుకోవడం పొరపాటని, నిర్ణయం అనే పనిలో కొన్ని మెట్లే బలహీనపడతాయని, ఏ మెట్టు దగ్గర తడబాటు వస్తోందో తెలిస్తే సరిగ్గా అక్కడే చెయ్యి అందించవచ్చని చెప్పడానికే ఇవాళ మీ ముందు నిలబడ్డాను.

ప్రపంచంలో 2 కోట్ల మందికి పైగా ఈ జబ్బుతో జీవిస్తున్నారు. ఎక్కువమందిలో ఇది కౌమారం చివరి నుంచి ముప్ఫయ్యో ఏడు లోపల బయటపడుతుంది. మగవారిలో ఆడవారి కంటే కొన్నేళ్లు ముందుగానే కనిపిస్తుంది. చదువు, ఉద్యోగం, పెళ్లి వంటి పెద్ద నిర్ణయాలు ముందుకొచ్చే వయసు అదే. మంచిచెడ్డలు బేరీజు వేయడంలో కీలకమైన ప్రిఫ్రంటల్ కార్టెక్స్, అంటే నుదుటి వెనుకనున్న మెదడు భాగం, పూర్తిగా పక్వానికి వచ్చేది కూడా ఇరవైలలోనే.

మొదట ఒక ప్రయోగం గురించి కొంచెం వివరంగా చెబుతాను. ఎదురుగా రెండు జాడీలు ఉన్నాయి. ఒకదానిలో 85 ఎర్ర పూసలు, 15 నీలం పూసలు. రెండో దానిలో సరిగ్గా తిరగేసి 85 నీలం, 15 ఎరుపు. పరీక్ష పెట్టేవారు ఏదో ఒక జాడీని మీకు తెలియకుండా ఎంచుకుని, అందులోంచి ఒక్కొక్క పూసనే తీసి చూపిస్తారు. ఎన్ని పూసలు కావాలంటే అన్ని అడిగి చూడవచ్చు. నమ్మకం కుదిరాక అది ఏ జాడీయో చెప్పాలి. 1988లో హక్, గారెటీ, హెమ్స్‌లీ అనే పరిశోధకులు భ్రమలున్న, అంటే రుజువులు ఎన్ని చూపినా కదలని తప్పుడు నమ్మకాలున్న రోగులకు ఈ పరీక్ష పెట్టినప్పుడు, వారు ఇతరులకన్నా తక్కువ పూసలు చూసే తీర్పు చెప్పేశారు. తర్వాత ఎన్నో దేశాల్లో ఇదే ధోరణి మళ్లీ మళ్లీ కనిపించింది. ఒకటి రెండు పూసలతోనే తేల్చేసేవారు వారిలో గణనీయంగా ఉంటారు.

దీన్ని తొందరపాటు అని కొట్టిపారేసే ముందు లెక్క కట్టి చూడాలి. వరుసగా రెండు ఎర్ర పూసలు వస్తే అది ఎరుపు ఎక్కువున్న జాడీ కావడానికి అవకాశం దాదాపు 97 శాతం. అంటే రెండు పూసలతో నిర్ణయించినవారి జవాబు చాలాసార్లు సరైనదే. ఒక రకంగా మిగతావాళ్లమే అవసరానికి మించి చూస్తున్నాం. కాబట్టి తేడా తర్కంలో కంటే ఆధారాలు ఎంతవరకు సేకరించాక ఆపాలన్న దగ్గరే ఎక్కువగా ఉంది. పూసల ఆటలో దానివల్ల నష్టమేమీ లేదు. అదే మనిషి వీధిలో నడుస్తూ ఇద్దరు తనవైపు చూసి నవ్వడం గమనించి, ఆ రెండు నవ్వులతోనే తన మీద కుట్ర జరుగుతోందన్న తీర్పుకు వస్తే, తర్వాత ఎన్ని రుజువులు చూపినా ఆ తీర్పు కదలకపోవచ్చు. ఈ ధోరణి భ్రమలకు మాత్రమే ప్రత్యేకమా, లేక జ్ఞాపకం, ఏకాగ్రత వంటి సాధారణ సామర్థ్యాలు తగ్గడం వల్ల కూడా వస్తుందా అన్నదానిపై పరిశోధకుల మధ్య ఇంకా చర్చ ఉంది. రెండింటికీ పాత్ర ఉందనే నేను భావిస్తాను.

ఆ రెండు నవ్వులకు అంత బరువు ఎందుకు వచ్చింది? ఇక్కడ డోపమైన్, అంటే మెదడు కణాల మధ్య సంకేతాలు మోసే ఒక రసాయనం, ప్రస్తావన తప్పదు. 1990లలో నాడీశాస్త్రవేత్త వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులపై చేసిన ప్రయోగాల్లో, అనుకోకుండా పళ్లరసం దొరికినప్పుడు డోపమైన్ కణాలు చురుగ్గా స్పందించాయి. రసం వస్తుందని ముందే తెలిపే సంకేతాన్ని కోతి నేర్చుకున్నాక ఆ స్పందన సంకేతానికి మారింది. ఆశించిన రసం రాకపోతే కణాల చురుకు పడిపోయింది. అంటే ఈ రసాయనం ఆశించినదానికీ జరిగినదానికీ మధ్య తేడాను మెదడుకు తెలియజేస్తూ, దేన్ని పట్టించుకోవాలో, దేని నుంచి నేర్చుకోవాలో సూచిస్తుంది. స్కిజోఫ్రీనియాలో మెదడు లోపలి స్ట్రయేటం అనే భాగంలో డోపమైన్ తయారీ, విడుదల ఎక్కువగా ఉంటాయని స్కానింగ్ అధ్యయనాలు చూపాయి. ఆ సంకేతం వేళకాని వేళ మోగితే, ఏ ప్రాముఖ్యమూ లేని కారు నంబరో, టీవీలో ఎవరో అన్న మాటో తన కోసమే ఉద్దేశించినట్లు తోస్తుందని, ఆ వింత అనుభవానికి అర్థం వెతుక్కునే ప్రయత్నమే భ్రమగా గట్టిపడుతుందని 2003లో మనోవైద్యుడు శితిజ్ కపూర్ ప్రతిపాదించారు. డోపమైన్ సంకేతాన్ని అందుకునే డీ2 గ్రాహకాలను అడ్డుకునే మందులు వాడినప్పుడు చాలామందిలో భ్రమల తీవ్రత తగ్గడానికి ఈ వివరణ చక్కగా సరిపోతుంది. భ్రమ ఒక్కరోజులో మాయం కాదు. ముందు దాని ఒత్తిడి తగ్గుతుంది, ఆ తర్వాత నెమ్మదిగా పట్టు సడలుతుంది.

ఇక నా దృష్టిలో ఇంట్లోవాళ్లు అన్నింటికన్నా తప్పుగా అర్థం చేసుకునే విషయానికి వస్తాను. ఒక అబ్బాయికి గొంతులు వినపడటం తగ్గింది, అనుమానాలు సద్దుమణిగాయి. అయినా ఆ అబ్బాయి రోజంతా గదిలోనే ఉంటాడు, స్నానానికి కూడా లేవడు, ఏం చెయ్యాలనుందని అడిగితే ఏమీ లేదంటాడు. ‘ఇప్పుడు బాగానే ఉన్నాడు కదా, ఒళ్లు వంచడం లేదంతే’ అని ఇంట్లో తీర్మానిస్తారు. ఆ మాట అతన్ని ఎంత గాయపరుస్తుందో, అది ఎంత అన్యాయమైన మాటో ప్రయోగశాలల్లో బయటపడిన విషయాలు చెబుతాయి. తేలికైన పని చేస్తే కొద్ది డబ్బు, ఒక మీటను చాలాసార్లు గబగబా నొక్కే కష్టమైన పని చేస్తే ఎక్కువ డబ్బు అని రెండు దారులు చూపిస్తే, సాధారణంగా మనుషులు ప్రతిఫలం పెరిగేకొద్దీ, అది దక్కే అవకాశం హెచ్చేకొద్దీ కష్టమైన దారి వైపు మొగ్గుతారు. స్కిజోఫ్రీనియా ఉన్నవారిలో, ముఖ్యంగా ఉత్సాహం బాగా తగ్గినవారిలో, ఈ మొగ్గు సరిగా పెరగదు. విశేషమేమిటంటే ఒక మంచి పాట విన్నప్పుడో, నచ్చిన మనిషితో కూర్చున్నప్పుడో ఆ క్షణంలో కలిగే ఆనందం వారిలో చాలావరకు మామూలుగానే ఉంటుంది. ఆ ఆనందం రేపు మళ్లీ దొరుకుతుందని ముందుగా ఊహించుకుని, దాని విలువను మనసులో నిలుపుకుని, దానికోసం ఇప్పుడు లేచి కదలడం దగ్గరే చిక్కు వస్తోంది.

ఆ విలువను నిలుపుకునే పనికి ప్రిఫ్రంటల్ కార్టెక్స్ కావాలి. 1986లో డేనియల్ వైన్‌బెర్గర్ బృందం, కార్డులను మారుతున్న నియమం ప్రకారం వర్గీకరించే పరీక్ష చేస్తున్నప్పుడు స్కిజోఫ్రీనియా ఉన్నవారి మెదడు ముందు భాగంలో రక్తప్రసరణ ఆశించినంతగా పెరగలేదని చూపింది. ఒక సమాచారాన్ని కొన్ని క్షణాలపాటు మనసులో పట్టి ఉంచుకుంటూ దానిపై పనిచేసే తాత్కాలిక జ్ఞాపకం ఈ జబ్బులో తరచుగా దెబ్బతింటుంది. మూడు చికిత్సా మార్గాల లాభనష్టాలను వైద్యుడు గడగడా చెప్పుకుపోతే, మూడోది వినేసరికి మొదటిది జారిపోతుంది. చివరికి ‘మీ ఇష్టం డాక్టర్ గారూ’ అనే మాటే మిగులుతుంది. పైగా ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న మందులు భ్రమలపై పనిచేసినంతగా ఈ ఉత్సాహలేమిపై, జ్ఞాపకలోపంపై పనిచేయవు. మోతాదు మరీ ఎక్కువైతే కొందరిలో ఉన్న ఉత్సాహం కూడా అణగిపోవచ్చు. అలా అనిపిస్తే మందును సొంతంగా ఆపేయకుండా వైద్యుడికి ఆ మాట చెప్పి, మోతాదు గురించి మాట్లాడాలి.

ఇప్పటివరకు చెప్పినదంతా సగటుల గురించి. ఒక్కొక్క మనిషి దగ్గరికి వచ్చేసరికి తేడాలు చాలా ఎక్కువ. 1995లో అమెరికాలో గ్రిసో, అపెల్‌బామ్ ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రిలో చేరినవారికి చికిత్స గురించిన సమాచారం అర్థమవుతోందా, దాన్ని తమ పరిస్థితికి అన్వయించుకుని కారణాలతో ఆలోచించగలరా అని పరీక్షించారు. ఇతరులతో పోలిస్తే వారికి ఇబ్బందులు ఎక్కువగానే ఉన్నా, జబ్బు ముదిరి ఆసుపత్రిలో ఉన్న ఆ దశలో కూడా సుమారు సగం మంది తగినంతగా రాణించారు. 2000లో విలియం కార్పెంటర్ బృందం ఇంకో అడుగు వేసింది. ఒక పరిశోధనలో పాల్గొనడానికి సమ్మతి ఇచ్చే విషయంలో మొదట వెనుకబడిన రోగులకు అదే సమాచారాన్ని ఓపికగా, మళ్లీ మళ్లీ వివరించి నేర్పినప్పుడు వారు జబ్బు లేనివారికి దాదాపు సమానంగా నిలిచారు. లోపమని మనం పేరు పెట్టినదానిలో కొంత భాగం మన చెప్పే తీరులోనే ఉందని దీనివల్ల తెలుస్తోంది.

కనుక వైద్యులకు, కుటుంబాలకు నా మనవి ఇది. ఒకసారి కూర్చున్నప్పుడు ఒక విషయమే చెప్పండి. కాగితం మీద రాసివ్వండి. విన్నది వారి మాటల్లో తిరిగి చెప్పమనండి. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అవుననే అంటారు. కొత్త పని మొదలుపెట్టమనేటప్పుడు దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి, మొదటి ముక్కలో పక్కనే ఉండండి. అనుమానం గురించి వాదించి గెలవాలని చూడకుండా, ఇంకే ఆధారం చూస్తే తేలుతుందో కలిసి ఆలోచించండి. హాంబర్గ్‌లో స్టెఫెన్ మోరిట్జ్ బృందం రూపొందించిన మెటాకాగ్నిటివ్ శిక్షణలో, అంటే తన ఆలోచనా తీరును తానే పరిశీలించుకోవడం నేర్పే శిక్షణలో, రోగులు సాధన చేసేది ఇలాంటి పనినే. తీవ్రమైన దశలో, ప్రాణానికి ముప్పున్నప్పుడు, ఇతరులు నిర్ణయించక తప్పని సందర్భాలు వస్తాయి. ఆ రోజు కోసం, ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడే ఆ మనిషి చేతే రాయించుకోండి: ఏ మందు తనకు పనిచేసిందో, ఏది పడలేదో, జబ్బు తిరగబెడుతున్నదనడానికి తనలో మొదట కనిపించే గుర్తులేమిటో, అప్పుడు ముందుగా ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో. ఒక ప్రతి వైద్యుడి దగ్గర, ఒకటి ఇంట్లో ఉంచి, ఏడాదికోసారి ఆ మనిషితో కలిసి కూర్చుని దాన్ని సరిచూసుకోండి.