బీరువాలో ఉండాల్సిన కాపీ

శ్రోతలందరికీ నమస్కారం.

ఒకరోజు రాత్రి నా స్నేహితుడు ఫోన్ చేశాడు. "మా పాప ఫొటోలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు, ఓసారి రాగలవా?" అని. వెళ్లి చూశాను. ఫోల్డర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, ఫైళ్ల పేర్లూ ఉన్నాయి. కానీ ప్రతి పేరు చివరా ఎప్పుడూ చూడని నాలుగు అక్షరాల తోక. ఫొటో కనిపించాల్సిన చోట తెల్ల కాగితం గుర్తు. ఏ ఫోల్డర్ తెరిచినా ఒకటే నోట్: మీ ఫైళ్లకు తాళం వేశాం, డబ్బు కడితే తెరుస్తాం అని.

"బ్యాకప్ ఉందా?" అని అడిగాను. "ఉంది" అని కంప్యూటర్ వెనకాల చూపించాడు. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ నెలల తరబడి అక్కడే తగిలించి ఉంది, దాని నీలం లైటు వెలుగుతూనే ఉంది. తెరిచాం. అందులోనూ అదే తోక, అదే నోట్. వాడి ముఖం చూడలేకపోయాను.

దీన్నే ర్యాన్సమ్‌వేర్ అంటారు. అది మీ కంప్యూటర్‌లో మీ పేరు మీదే పనిచేస్తుంది. మీరు ఏ ఫైల్ తెరిచి మార్చగలరో, అదీ మార్చగలదు. తగిలించి ఉన్న డిస్క్, పెన్‌డ్రైవ్, నెట్‌వర్క్‌లోని ఫోల్డర్, అన్నీ దానికి అందుతాయి. విండోస్ తనంతట తాను దాచుకునే పాత కాపీలను కూడా చాలా రకాలు ముందే చెరిపేస్తాయి. అందుకే నేను మళ్లీ మళ్లీ చెప్పేది ఒక్కటే: కంప్యూటర్‌కు అందని కాపీయే కాపీ. వారానికోసారి డిస్క్ తగిలించండి, కాపీ చేయండి, ఎజెక్ట్ చేసి తీసి బీరువాలో పెట్టండి. వీలైతే రెండు డిస్కులు కొని, ఒక వారం ఒకటి, మరో వారం ఇంకొకటి వాడండి. తగిలించే ముందు కంప్యూటర్‌లోని నాలుగైదు ఫొటోలు మామూలుగా తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. అప్పుడప్పుడూ డిస్క్‌లోంచి కూడా ఒక ఫైల్ తెరవండి. తెరిచి చూడని బ్యాకప్ మీద నాకు నమ్మకం లేదు.

క్లౌడ్ ఉంది కదా అంటారేమో. సింక్ అయ్యే ఫోల్డర్ అద్దం లాంటిది, ఇక్కడ ఫైల్ పాడైతే అక్కడా పాడవుతుంది. అయితే చాలా సర్వీసులు పాత వెర్షన్లను కొన్ని రోజులపాటు ఉంచుతాయి. మీదాంట్లో ఎన్ని రోజులో ఇవాళే చూసి పెట్టుకోండి.

నా స్నేహితుడి కంప్యూటర్‌లోకి అది వచ్చింది డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కు దొరికిన క్రాక్‌తో, అంటే డబ్బు కట్టకుండా దాన్ని వాడుకునేలా చేసే దొంగ ప్రోగ్రామ్‌తో. ఇళ్లలో ఎక్కువగా భయపడాల్సిన దారి ఇదేనని నా అభిప్రాయం. తెలియని మెయిల్‌తో వచ్చిన అటాచ్‌మెంట్ మరో దారి. ఇక అప్‌డేట్లు. 2017 మే 12న వానాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ దాదాపు 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళాలు వేసింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ ఆ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలు! "తర్వాత చేద్దాం" అని నొక్కే ముందు ఇది గుర్తుచేసుకోండి. విండోస్ 10, 11లలో తెలియని ప్రోగ్రాములు మన ఫోల్డర్లలోని ఫైళ్లను మార్చకుండా అడ్డుకునే కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అనే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి.

ఒకవేళ జరిగిపోతే టెన్షన్‌లో డబ్బు పంపకండి. కట్టినా తాళంచెవి ఇస్తారన్న హామీ లేదు. ముందు నెట్ తీసేయండి, తగిలించినవన్నీ పీకేయండి. తాళం పడిన ఫైళ్లను మాత్రం చెరిపేయకండి. నెదర్లాండ్స్ పోలీసులు, యూరోపియన్ యూనియన్ పోలీసు సంస్థ యూరోపోల్, రెండు సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016లో నో మోర్ ర్యాన్సమ్ అనే సైట్ మొదలుపెట్టారు. కొన్ని రకాలకు తాళంచెవులు అందులో ఉచితంగా దొరుకుతాయి, కొత్తవి చేరుతుంటాయి కూడా.

నా స్నేహితుడి పాప ఫొటోలకు సరిపోయే తాళంచెవి ఇంకా రాలేదు. ఆ హార్డ్ డిస్క్‌ను ఇప్పుడు బీరువాలోనే దాచాం. మూడు నెలలకోసారి నేను ఆ సైట్ తెరిచి చూస్తుంటాను.