క్షిపణి ఫెయిలైందా? ఎక్కడ ఫెయిలైందో అడగండి

నమస్తే అండి, హన్మకొండ నుంచి. శత్రు విమానాలను నేల మీది నుంచి కూల్చే ఆకాశ్ క్షిపణి మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ సంస్థ ఇచ్చిన నివేదిక మాట ఎత్తితే చాలు, "లెక్కలు చూసేవాళ్ళకు క్షిపణుల సంగతి ఎందుకు? ప్రయోగమన్నాక ఫెయిల్ కాదా?" అంటారు. అవుతుంది. కానీ ఏ దశలో అయిందో చూడాలి కదా!

పత్తి గింజలే తీసుకోండి. పరిశోధన క్షేత్రంలో కొత్త రకం మొలవకపోతే ఎవరూ తప్పుపట్టరు. అదే గింజను ప్యాకెట్లో పెట్టి అమ్మాక, నర్సంపేట రైతు చేలో మొలవకపోతే? దుకాణం ముందు కూర్చుని నిలదీస్తాం.

ఆకాశ్‌లో జరిగింది ఈ రెండోది. 2017 కాగ్ నివేదిక ప్రకారం, 2014 నవంబర్ నాటికి వైమానిక దళానికి అందిన 80 క్షిపణుల్లో 20 తీసి, ఆ ఏడాది ఏప్రిల్, నవంబర్ నెలల మధ్య పేల్చి చూశారు. 6 ఫెయిల్.

[తెర మీద: 20లో 6]

లక్ష్యం దాకా పోకపోవడం, వేగం చాలకపోవడం, ప్రాక్సిమిటీ ఫ్యూజ్ లోపాలు బయటపడ్డాయి. ఈ ఫ్యూజ్ చాలా ముఖ్యం. క్షిపణి విమానాన్ని గుద్దనక్కర్లేదు, దగ్గరికి రాగానే పేలితే చాలు. దగ్గరికొచ్చామని పసిగట్టేది ఈ ఫ్యూజే. అది పనిచేయకపోతే క్షిపణి పక్కనుంచే వెళ్ళిపోవచ్చు.

తడిగుడ్డలో మొలకెత్తించి చూసిన గింజ మళ్ళీ ప్యాకెట్లోకి పోదు. పేల్చిన క్షిపణీ అంతే. అందుకే శాంపిల్ తీస్తారు. శాంపిల్లోనే 30 శాతం పోతే మిగతా 60 మీద భరోసా ఎట్లా? ఈ ప్రశ్న అడిగినవాళ్ళు దేశానికి మేలే చేశారు. అమ్మేవాళ్ళే తమ గింజకు మార్కులు వేసుకుంటే రైతు మునుగుతాడు, ఇక్కడ మునిగేది సరిహద్దులో సైనికుడు.

టైమ్ అయిపోతోంది, మిగతాది గబగబా చెప్పేస్తా. కాగ్ నివేదిక రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం రాష్ట్రపతికి, అక్కడి నుంచి పార్లమెంటుకు వెళ్తుంది. దాన్ని పరిశీలించే పార్లమెంటు కమిటీ అయిన ప్రజా పద్దుల సంఘానికి 1967 నుంచి ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడిగా ఉండటం ఆనవాయితీ. తేజస్ మార్క్-1 యుద్ధ విమానంలో 53 లోటుపాట్లున్నాయని 2015లో చెప్పిందీ కాగే.

ఆకాశ్ నివేదిక తర్వాత కాగ్ వాళ్ళు రక్షణ నివేదికలను వెబ్‌సైట్లో పెట్టడం ఆపేశారు. భద్రత కోసమన్నారు. యుద్ధ రహస్యాలు దాచాల్సిందే, కాదనను. కానీ మొత్తం నివేదికనే కనపడకుండా చేయడం నాకు అస్సలు నచ్చలేదు. 2017 నాటిది బయట ఉంది కాబట్టే ఈ అంకెలు మీకు చెప్పగలిగాను.