గిరీశం ఫోన్‌లో ఏం టైపు చేస్తాడు?

అందరికీ నమస్కారం.

కన్యాశుల్కాన్ని వాట్సాప్ చాట్‌గా రాసి వేదిక మీద చదువుతామని మన పిల్లలు అన్నప్పుడు కొందరు పెద్దలు నొచ్చుకున్నారు. గురజాడ భాష పాడైపోతుందేమోనని వాళ్ల బాధ. నాకా భయం లేదు. 1892లో విజయనగరంలో ఆడి, 1897లో అచ్చయిన ఆ నాటకం మన ఉత్తరాంధ్ర జనం నోటి మాటతో రాసిందే. గిరీశానికి ఇంగ్లీషు ముక్క లేనిదే మాట సాగదు. "డామిట్! కథ అడ్డంగా తిరిగింది" అన్న మనిషికి మెసేజ్ పెట్టడం మనం నేర్పాలా? ఆ మాట అన్నది కూడా మన విశాఖపట్నంలోనే, సౌజన్యారావు పంతులుగారింట్లో!

కానీ పిల్లలూ, మీ మొదటి ప్రతిలో అందరూ ఒకేలా టైపు చేశారు. అవే పొట్టి మాటలు, అవే నవ్వు బొమ్మలు. అగ్నిహోత్రావధాన్లు అలా రాయడు. కోపమొస్తే టైపు చేసే ఓపిక ఆయనకి ఉండదు, వాయిస్ మెసేజ్‌లో అరుస్తాడు. మధురవాణి చదివి ఊరుకుంటుంది. ఆ నీలం టిక్కులు చూసుకుంటూ రామప్పంతులుకి టెన్షన్. వెంకటేశం గురువుగారు పంపిందల్లా ఫార్వర్డ్ చేస్తాడు. ఎవరి మాట వాళ్లది కాకపోతే నవ్వు పుట్టదు. అందుకే ముందు నాటకం చదవండి, రెండుసార్లు చదవండి.

మంచం సీను మాత్రం చాలా బాగా పట్టుకున్నారు. పూటకూళ్లమ్మ చీపురుకట్టతో వచ్చేసరికి రామప్పంతులు, గిరీశం ఇద్దరూ ఒకే మంచం కింద. మీరు వాళ్లచేత చీకట్లో గుట్టుగా మెసేజ్‌లు పెట్టించారు. ఫోన్ వెలుగే వాళ్లని పట్టిచ్చింది. దాక్కోవడం, దొరికిపోవడం, ఆ సీనుకి ప్రాణం అదే. అది చెక్కుచెదరలేదు.

ఇక అగ్నిహోత్రావధాన్లుగారింటి గ్రూపు. ముసలి లుబ్ధావధాన్లుకి చిన్నపిల్ల సుబ్బినివ్వడం గురించి గొడవ. వద్దని సుబ్బి తల్లి వెంకమ్మ మొత్తుకుంటుంది. నాటకంలో ఆవిడ నూతిలో దూకుతుంది. మీరు ఒక్క లైనే రాశారు: "వెంకమ్మ గ్రూపు నుంచి వెళ్లిపోయారు." నిన్న రిహార్సల్‌లో అంతవరకూ నవ్వుతున్నవాళ్లం టక్కున ఆగిపోయాం. ఆ లైను మార్చకండి. దాని పక్కన ఏ బొమ్మా పెట్టకండి.

ఇంకోటి అప్పుడే గమనించాను. అందరూ సుబ్బి గురించే మాట్లాడుకుంటున్న ఆ గ్రూపులో సుబ్బి లేదు. రేపు ఆ సీను మొదలెట్టే ముందు గ్రూపులో ఉన్నవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా పైకి చదవండి.