ముడుపు

వేదికపైనున్న పెద్దలకు, ఇంటి పనులూ ఆసుపత్రి పనులూ ఒక పూట పక్కన పెట్టి ఇక్కడికి వచ్చిన అక్కలకు, అన్నలకు, తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు నమస్కారం.

దీర్ఘకాల రోగాలతో పోరాడుతున్న కుటుంబాలను ఒకచోట చేర్చాలన్న తలంపుతో నిర్వాహకులు హనుమకొండలో ఈ సభ ఏర్పాటు చేశారు. కష్టకాలంలో విశ్వాసం మనిషికి ఎట్లా బలమవుతుందో చెప్పమని నన్ను అడిగినప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో తెలుగు చెప్పినదాన్ని కాబట్టి పద్యాల గురించి ఎంతసేపైనా మాట్లాడగలను. విశ్వాసం గురించి మాట్లాడాలంటే మాత్రం మా ఇంటి సంగతి చెప్పక తప్పదు. అది దాచిపెట్టి మీ ముందు నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళడం నాకు చేతకాదు.

2021 నవంబరులో నా భర్తకు రక్తక్యాన్సర్ అని తేలింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, రెండేళ్ళకోసారి జరిగే మేడారం సమ్మక్క సారలమ్మల జాతర వచ్చేనాటికి ఆయన హైదరాబాదులో మూడో విడత కీమో తీసుకుంటున్నారు. ఏ జాతరా తప్పని మా అత్తమ్మ ఆ యేడు వెళ్ళలేదు. సమ్మక్క గద్దెకు చేరే గురువారం నాడు పొద్దున్నే తలస్నానం చేసి, పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన గుడ్డముక్కలో పదకొండు రూపాయి బిళ్ళలు, గుప్పెడు బియ్యం, ఒక పసుపుకొమ్ము పెట్టి మూడు ముళ్ళు వేసింది. దేవుని అర్రలో పటాల పైనున్న మేకుకు ఆ ముడుపు కట్టి, "వచ్చే జాతరకు నా కొడుకును తోల్కొని వస్త తల్లీ, నిలువెత్తు బంగారం ఇస్త" అని మొక్కింది.

మేడారంలో బంగారమంటే బెల్లమని ఇక్కడున్న వారికి నేను చెప్పనక్కరలేదు. మొక్కుకున్న మనిషిని కాంటాలో ఒక పక్కన కూర్చోబెట్టి, రెండో పక్కన అంతే బరువు బెల్లం తూచి, దాన్ని తల్లుల గద్దెల దగ్గర సమర్పించడమే నిలువెత్తు బంగారం.

అత్తమ్మ ఆ సంగతి ఫోనులో చెప్పినప్పుడు నాకు నిజంగా కోపం వచ్చింది. ఇక్కడ రక్తకణాల లెక్క రోజురోజుకూ పడిపోతుంటే అక్కడ బెల్లంతో బేరమాడుతున్నారా అనుకున్నాను. ఆ కోపం కొన్ని వారాలు నాలో ఉండిపోయింది. పోయింది కూడా ఆ ముడుపు వల్లనే.

ఆసుపత్రిలో మా కాలమంతా ఇరవై ఒక్క రోజుల ముక్కలుగా తెగిపోయింది. ఒక విడత మందు ఎక్కడం, కణాలు పడిపోవడం, జ్వరం రావడం, మళ్ళీ లేవడం, మళ్ళీ మందు. వైద్యులు మంచివాళ్ళే, కానీ వచ్చే రిపోర్టు దాటి వాళ్ళు ఏమీ చెప్పలేరు, చెప్పకూడదు కూడా. వారం తర్వాత ఏమిటని మేమిద్దరం మాట్లాడుకోవడమే మానేశాం. అట్లాంటి రోజుల్లో ఒక రాత్రి ఆయన సెలైన్ సీసా వైపు చూస్తూ, "జాతరకు బస్సుల వద్దు, ట్రాక్టర్ మీద పోదాం. పోరగాళ్ళు కూడా మస్తు సంబరపడతరు" అన్నారు. ట్రాక్టర్ ఎవరిది అడగాలి, జంపన్న వాగు దగ్గర గుడారం ఎక్కడ వేయాలి, ఎవరెవరు వస్తారు అని ఆ రాత్రి దాదాపు గంటసేపు మాట్లాడారు. రోగం మొదలయ్యాక ఆయన నోట రెండేళ్ళ తర్వాతి మాట రావడం అదే మొదటిసారి.

మొక్కు అంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది. ముందు నాకు ఒక రోజు ఉంది, ఆ రోజు నేను చేయవలసిన పని ఉంది, ఆ పనికి నా వాళ్ళందరినీ వెంటబెట్టుకొని పోవాలి అని మనిషి తనకు తాను చెప్పుకోవడమే మొక్కు. వేములవాడ రాజన్నకు కోడెను కడతామన్నా, కొమురవెల్లి మల్లన్నకు పట్నం వేయిస్తామన్నా, కొండగట్టు మెట్లెక్కుతామన్నా అందులో ఉన్నది ఇదే. ఆశను ఊరికే మనసులో పెట్టుకుంటే అది నిలవదు. మన పెద్దలు దానికి ఒక తిథి, ఒక దారి, ఒక బరువు పెట్టారు.

మేడారం తల్లుల కథ మీ అందరికీ తెలిసినదే అయినా, అందులో ఒక సంగతి మీద మనం తగినంత నిలబడి ఆలోచించలేదని నాకనిపిస్తుంది. కాకతీయ ప్రతాపరుద్రుని కాలంలో కరువు వచ్చి, కప్పం కట్టలేమన్న కోయల మీదికి ఓరుగల్లు సైన్యం వెళ్ళిందని జనం చెప్పుకునే కథ. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, బిడ్డలు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజు ఆ పోరులో నేలకొరిగారు. కొడుకు జంపన్న సంపెంగ వాగులో దూకి ప్రాణం విడిస్తే ఆ వాగుకు ఆయన పేరే నిలిచింది. గాయపడ్డ సమ్మక్క చిలకలగుట్ట వైపు నడిచి కనిపించకుండా పోయింది. వెతుకుతూ వెళ్ళిన వారికి ఒక కుంకుమభరిణె దొరికింది. ఇప్పటికీ గద్దెల మీద విగ్రహం లేదు. ఆ భరిణెనే చిలకలగుట్ట నుంచి తెస్తారు.

గెలిచిన రాజులు, వారి సేనానులు కట్టించిన గుళ్ళు మనకు చాలా ఉన్నాయి. ఈ హనుమకొండలోనే 1163లో రుద్రదేవుడు కట్టించిన వేయిస్తంభాల గుడి ఉంది, పాలంపేటలో 1213 నాటి రామప్ప ఉంది. వాటి ముందు నేను కూడా తలెత్తి నిలబడి మురిసిపోతాను. కానీ కోటిమందిని అడవిలోకి నడిపించే జాతర మాత్రం యుద్ధంలో ఓడిన కుటుంబానిది. భర్త, బిడ్డలు, అల్లుడు అందరూ పోయిన ఒక ఇంటి ఇల్లాలి దగ్గరికి జనం తమ కష్టం చెప్పుకోవడానికి వెళ్తున్నారు. కరువు ఎట్లుంటుందో, బాకీ అడిగేవాడు గుమ్మం ముందు నిలబడితే ఎట్లుంటుందో, కన్నబిడ్డ కళ్ళముందే పోతే ఎట్లుంటుందో ఆ తల్లికి ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. ఓడిపోతున్న మనిషికి ఆ గద్దె దగ్గర సిగ్గు ఉండదు. బలం అక్కడ మొదలవుతుందని నేను నమ్ముతున్నాను.

సిగ్గు అన్న మాట ఎందుకు వాడానో చెప్పాలి. 1997, 98 సంవత్సరాల్లో పత్తిని పురుగు తిన్నప్పుడు ఈ జిల్లాలో ఎన్ని ఇళ్ళు కూలిపోయాయో నా వయసు వారికి గుర్తే. అప్పుడు నా తరగతిలో తండ్రిని పోగొట్టుకున్న పిల్లలు ఉన్నారు. వాళ్ళ తల్లులు చెప్పిన మాటల్లో ఒకటి మళ్ళీ మళ్ళీ వినిపించేది. ఆయన చివరి నెలల్లో పండుగలకు పోలేదు, పెళ్ళిళ్ళకు పోలేదు, గుడి దగ్గర నలుగురిలో కూర్చోవడం మానేశాడు. అప్పు కంటే ముందు ఆ మనిషిని ఒంటరితనం పట్టుకుంది. అందుకే ఎవరైనా జాతరకు, బోనాలకు, ఆదివారం ప్రార్థనకు, శుక్రవారం నమాజుకు రావడం హఠాత్తుగా మానేస్తే భక్తి తగ్గిందని మాట్లాడుకోకండి. వాళ్ళ ఇంటికి పోయి తలుపు తట్టండి.

ఇక సందేహం గురించి. దేవుడున్నాడా అన్న అనుమానం వచ్చినందుకు తమను తాము తిట్టుకునేవారు ఈ సభలో తప్పకుండా ఉంటారు. నేనూ తిట్టుకున్నాను. మన పక్కనే పాలకుర్తి మండలంలో ఉన్న బమ్మెర పోతన ఊరుగా ప్రసిద్ధం. ఆ మహాకవి రాసిన గజేంద్రమోక్షాన్ని నేను ఎన్ని సంవత్సరాలు పాఠం చెప్పానో లెక్క లేదు. మొసలి నోట కాలు చిక్కిన ఏనుగు, దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పాలిట ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు అని చెప్పుకుంటూ వచ్చి, చివరికి "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటుంది. తరగతిలో ఆ పాదాన్ని నేను అలంకారం చూపించి దాటించేదాన్ని. ఆసుపత్రి వరండాలో రాత్రి రెండు గంటలకు అదే పాదం నా నోటికి వచ్చినప్పుడు, మహాభక్తుడైన కవి ఈ అనుమానాన్ని దాచకుండా, దిద్దకుండా పద్యంలో ఎందుకు ఉంచాడో తెలిసింది.

ఉన్నాడో లేడో అని అడిగిన ఏనుగు పిలవడం మానలేదు. ఆ తర్వాతనే "లావొక్కింతయు లేదు" అని తన బలమంతా అయిపోయిందని ఒప్పుకుంటుంది, "నీవే తప్ప నితఃపరం బెరుగ" అంటుంది. అనుమానానికి జవాబు దొరికాక పిలవలేదు. జవాబు లేకుండానే పిలిచింది. సందేహం వచ్చినా దీపం పెట్టడం మానకపోవడం కూడా భక్తేనని, నిశ్చింతగా ఉన్నవాని భక్తి కంటే అది ఒక పిసరు ఎక్కువేనని నా అభిప్రాయం.

విశ్వాసం ఒక్కరి గుండెలోనే ఉండిపోతే దాని శక్తి సగమే. మెదక్‌లో ఉన్న పెద్ద చర్చిని మీలో చాలామంది చూసి ఉంటారు. 1914 ప్రాంతంలో, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, కరువుతో మలమలమాడుతున్న పల్లెల జనం అన్నం కోసం వస్తే, చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మతబోధకుడు వారికి పని చూపించి, ఆ పనికి తిండి పెట్టాడు. పదేళ్ళు సాగిన ఆ కట్టడం 1924 డిసెంబరు 25న ప్రార్థనలకు తెరుచుకుంది. ఆ గోడల్లో ప్రతి రాయి వెనుక ఒక పూట అన్నం ఉంది.

మా వార్డులో పక్క మంచం వాళ్ళు కాజీపేట వాళ్ళు. ఆ ఇంటావిడ దర్గా నుంచి చదివి ఊదిన నీళ్ళు ఒక సీసాలో తెప్పించుకొని, తాగించే ముందు వైద్యుణ్ణి అడిగేది. ఆయన కాచి చల్లార్చి ఇవ్వమంటే అట్లాగే చేసేది. ఒకరోజు నన్ను అడగకుండానే సగం నీళ్ళు కాచి మా ఆయన గ్లాసులో పోసింది. ప్లేట్‌లెట్లు కావలసి వచ్చిన ఆదివారం నాడు నా దగ్గర ఎప్పుడో చదువుకున్న పిల్లవాడొకడు చర్చి నుంచి నేరుగా, తెల్లచొక్కా మడతలు చెదరకుండా వచ్చి రెండు గంటలు సూది పెట్టించుకొని పడుకున్నాడు. "మా పాస్టర్ గారు ఇంకో నలుగురిని రాసి పెట్టుకున్నరు మేడమ్" అన్నాడు. ఏ దేవుడు ఎవరి మొర విన్నాడో నేను తేల్చలేను. ఆ రోజు మాత్రం మేము ఒంటరివాళ్ళం కాము.

రెండు విషయాలు గట్టిగా చెప్పాలి. మందు మానేసి మొక్కుకోమని, ఆసుపత్రి వదిలి తాయెత్తు కట్టుకోమని ఎవరు చెప్పినా, వారు ఎంత పెద్ద పేరున్నవారైనా, వినకండి. మా అత్తమ్మ మొక్కిన నాటి నుంచి ఒక్క మాత్ర వేళ తప్పనివ్వలేదు. రెండోది, రోగి చనిపోయిన ఇంటికి వచ్చి మీ భక్తి చాలలేదేమో అనేవారు ఉన్నారు. నాతో ఒక దగ్గరి మనిషి అన్నది. ఆ మాట చేసిన గాయం మానడానికి నాకు ఏడాది పట్టింది. దయచేసి ఎవరితోనూ ఆ మాట అనకండి. మనసు మరీ చీకటిగా ఉన్నప్పుడు, బతకాలని లేదనిపించినప్పుడు, దేవునికి చెప్పుకోవడంతో పాటు మనిషికీ చెప్పుకోండి. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సేవలో రాత్రీ పగలూ మాట్లాడేవారు ఉంటారు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నా భర్త 2023 నవంబరులో పోయారు. జాతరకు మూడు నెలలు మిగిలి ఉంది.

మేకుకు ఉన్న ముడుపు వైపు చూడలేక నేను దేవుని అర్ర తలుపు దగ్గరికి వేసే ఉంచాను. జనవరి చివర్లో ఒకరోజు అత్తమ్మ నా పక్కన కూర్చొని, "చివరికి ఎంత బరువుండె బిడ్డా?" అని అడిగింది. ఎందుకు అడుగుతుందో తెలియక ఫైలు తీసి చూశాను. ఆఖరి చీటీ మీద నలభై మూడు కిలోలు అని ఉంది. "అయితే నలభై మూడు తేవాలె" అన్నది. అడిగింది ఇవ్వని తల్లికి మొక్కు ఎందుకు అత్తమ్మా అని నేను ఏడుస్తూ గట్టిగానే అన్నాను. ఆమె నా మీద కోపగించుకోలేదు. "ఆ తల్లి ఇయ్యకపోతే ఇయ్యకపాయె. మాటిచ్చింది నేను కద. రెండేండ్లు నా కొడుకు ఆ మాట పట్టుకొనే బతికె. నా మాట నేనెట్ల తప్పుత?" అన్నది.

2024 ఫిబ్రవరిలో మేము ట్రాక్టర్ మీదనే వెళ్ళాం. శుక్రవారం నాడు, ఎనభై ఏళ్ళు దాటిన ఆమె తొలి ముద్దను తన నెత్తిన పెట్టుకొని జనంలో నడిచింది. మిగతాది పిల్లలు మోశారు. గద్దెల దగ్గర సమర్పించగా ప్రసాదంగా మిగిలిన బెల్లాన్ని గుడారాల మధ్య తిరుగుతూ పంచింది. ఎవరికి పెట్టినా "మా కొడుకుది, తినుండ్రి" అన్నది.

ముడుపు గుడ్డను ఆమె జంపన్న వాగులో పిండి, ట్రాక్టర్ అంచుకు కట్టి ఆరేసింది. ములుగు దాటేసరికి అది ఆరిపోయింది. మొన్న చూస్తే ఆ గుడ్డే మళ్ళీ మేకుకు ఉంది. మా ఎదురింటి అమ్మాయికి మూడో నెల అట, కాన్పు సుఖంగా కావాలని కట్టింది.