మేస్త్రి సెలవులో ఉన్నా షాపు నడవాలంటే

(తెరపై: ధవళేశ్వరం బ్యారేజీ, వరద నీరు, నీటిమట్టం చూపే గేజీ)

నమస్కారం అండి. వర్షాకాలంలో మన గోదావరి డెల్టాలో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా ఒకటే ప్రశ్న: "ధవళేశ్వరంలో ఎంతుందంట?" 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంక గ్రామాల్లో చాలామందికి ఈ అంకెలు నోటికి వచ్చు. ఏ హెచ్చరికకి గేదెలను గట్టెక్కించాలో, ఎప్పుడు బియ్యం మూటలు అటక మీద పెట్టాలో మళ్లీ ఎవరినీ అడగరు. కొలిచే చోటు ఒకటే, అంకె ఒకటే, అది దాటితే ఎవరేం చేయాలో ముందే తేలిపోయి ఉంటుంది. గేజీ చూసే ఉద్యోగి బదిలీ అయినా హెచ్చరిక మారదు.

ఇప్పుడు ఇదే డెల్టాలో ఒక ఇంజనీరింగ్ షాపులోకి వెళదాం.

(తెరపై: ఫ్యాబ్రికేషన్ షెడ్డు, వెల్డింగ్ మెరుపులు)

రైస్ మిల్లులకు ఎలివేటర్లు, రొయ్యల చెరువులకు ఏరియేటర్లు, ఐస్ ప్లాంట్లకు పైపింగ్, కాలువలకు షట్టర్లు. ఇలాంటివి చేసే షాపులు మన దగ్గర చాలా ఉన్నాయి. పనితనానికి కొదవ లేదు. కానీ ఆ పని ఎలా చేస్తున్నామన్నది మాత్రం కొంత మేస్త్రి తలలో, కొంత స్టోర్ కీపర్ డైరీలో, కొంత ఓనరు గారి ఫోన్లో ఉంటుంది. పైగా కోనసీమ నుంచి గల్ఫ్‌కి వెళ్లేవాళ్లు ఎంతమందో మనకు తెలుసు. మంచి ఫిట్టర్‌కి వీసా వచ్చిందంటే, పదేళ్లుగా షాపు నేర్చుకున్నది కూడా అతనితోపాటే విమానం ఎక్కేస్తుంది. దీనికి అతన్ని తప్పుపట్టలేం. రాసుకోవాల్సిన బాధ్యత కంపెనీది.

అందుకని ముందు డ్రాయింగుల సంగతి చూద్దాం. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

(తెరపై: డ్రాయింగ్ కింది మూల, రివిజన్ గడి దగ్గరగా)

ఒక కాలువ షట్టర్ ఆర్డర్ వచ్చిందనుకోండి. వేసవిలో కాలువలు కట్టేసిన ఆ కొద్ది వారాల్లోనే పాతది తీసి కొత్తది బిగించాలి. ఆఫీసులో డ్రాయింగ్ తయారైంది, రివిజన్ ఏ, అంటే మొదటి కూర్పు. షాపులో దాన్ని గోడకి అంటించారు. తర్వాత ఇంజనీరు తూము దగ్గరికి వెళ్లి గాడి కొలిస్తే, పాత కట్టడం కదా, వెడల్పు కొంచెం తక్కువొచ్చింది. డ్రాయింగ్ మార్చి రివిజన్ బి చేసి షాపు వాట్సాప్ గ్రూపులో పెట్టేశాడు. గ్రూపులో అందరూ బొటనవేలు గుర్తు పెట్టారు. గోడ మీద మాత్రం ఏ అలాగే ఉంది. గ్యాస్ కట్టర్ చూసేది గోడనే కదా!

షట్టర్ గాడిలో దిగకపోతే మళ్లీ లారీ, మళ్లీ కోత, మళ్లీ పెయింట్. అవతల సార్వా నారుమళ్లకి నీళ్లు వదిలే తేదీ మన కోసం ఆగదు.

పరిష్కారానికి సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. కొత్త ప్రింటు చేతికిచ్చేటప్పుడే పాత ప్రింటు వెనక్కి తీసుకోవాలి. పాతది తేకపోతే కొత్తది ఇవ్వకూడదు. రిజిస్టర్‌లో ఒక వరస చాలు: డ్రాయింగ్ నంబరు, రివిజన్, తేదీ, ఎవరికిచ్చాం, పాతది తిరిగొచ్చినట్టు సంతకం. మారిన కొలత చుట్టూ మబ్బు ఆకారంలో గీత గీయాలి, లేకపోతే మారిందేదో వెతుక్కోలేక మేస్త్రి పాత కొలతే గుర్తుపెట్టుకుంటాడు. తిరిగొచ్చిన ప్రింటు మీద "రద్దు" ముద్ర వేయాలి. చించి పారేయకండి, ఒక కాపీ జాబ్ ఫైల్లో ఉంచండి. ఆరు నెలల తర్వాత బిల్లు దగ్గర గొడవ వస్తే, కొలత ఎప్పుడు మారిందో చెప్పేది అదే.

(తెరపై: స్టీల్ ప్లేటు మూల, రంగుతో రాసిన నంబరు)

రెండోది ప్లేటు మీద నంబరు. స్టీల్ ప్లాంటులో ఒక విడత కరిగించి పోసిన ఉక్కుకి ఒక హీట్ నంబరు ఇస్తారు. ఆ ఉక్కులో కార్బన్ ఎంత, బలం ఎంత అన్నది టెస్ట్ సర్టిఫికెట్‌లో ఆ నంబరు మీదే ఉంటుంది. ప్లేటు మీద నంబరు సాధారణంగా ఒక చోటే ఉంటుంది. ఆ మూల కోసి వాడేశామా, మిగిలిన ప్లేటు అనాథే. అది ఐఎస్ 2062 (నిర్మాణాల్లో వాడే ఉక్కుకి మన దేశపు ప్రమాణం) ప్లేటేనని మనకు తెలుసు, స్టోర్ కీపర్‌కీ తెలుసు. కానీ ఇన్‌స్పెక్టర్ గారికి చూపించడానికి ఏమీ లేదు. మంచి ప్లేటుని తుక్కు లెక్కన చూడాల్సి వస్తుంది.

కాబట్టి కోతకు ముందే నంబరు మిగతా ముక్క మీదకి పంచ్ కొట్టాలి, స్టోర్ కీపర్ చూసి సంతకం పెట్టాలి, ఆ తర్వాతే టార్చ్ వెలగాలి. కోశాక రాద్దాంలే అనుకుంటే రాసేవాళ్లు ఉండరు, సాయంత్రానికి ఏ ముక్క దేనిదో కూడా ఎవరికీ గుర్తుండదు.

ఇక పని పద్ధతులు ఎలా రాయాలన్నది. చాలా ఫైళ్లలో ఇలాంటి వాక్యం కనిపిస్తుంది: "వెల్డింగ్ రాడ్లను తగిన విధంగా ఆరబెట్టవలెను." తగిన విధంగా అంటే? ధవళేశ్వరంలో "నీరు బాగా పెరిగినచో హెచ్చరిక" అని రాసి ఉంటే ఎవరు కదులుతారు?

(తెరపై: రాడ్ల ఓవెన్, మీద అంటించిన ఒక పేజీ)

7018 అనే రకం వెల్డింగ్ రాడ్లనే తీసుకోండి. వాటి పూత గాలిలో తేమని లాక్కుంటుంది. కాకినాడ, నరసాపురం వైపు సముద్రపు గాలి, అందులోనూ వానాకాలం. తేమ పట్టిన రాడ్డుతో అతుకు వేస్తే అందులోకి హైడ్రోజన్ చేరుతుంది. పైకి అందంగా కనబడిన అతుకు కొన్ని గంటల తర్వాత లోపల పగలవచ్చు. ఇంత ప్రమాదం ఉన్నచోట కాగితం ఎలా ఉండాలి? ఓవెన్ తలుపు మీద, ఒక పేజీలో: ప్యాకెట్ మీద తయారీదారు ఇచ్చిన ఉష్ణోగ్రత ఎంత, ఎన్ని గంటలు, షిఫ్ట్ మొదట్లో ఓవెన్ ఎవరు వేయాలి, బయటికి తీసిన రాడ్లు ఎప్పటిలోగా వాడాలి, మిగిలినవి ఏ డబ్బాలో వేయాలి. ఫైల్లో ఉన్న ఇరవై పేజీల కన్నా ఈ ఒక్క పేజీ విలువైనదని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ పేజీని ఆఫీసు ఏసీ గదిలో కూర్చుని రాయకండి. పని చేసే మనిషి పక్కన నిలబడి, ఆయన చేస్తుంటే రాయాలి. రాశాక ఒక కొత్త కుర్రాడి చేతికిచ్చి, మేస్త్రి నోరు విప్పకుండా పక్కన నిలబడాలి. ఏరియేటర్ గేర్‌బాక్స్ బిగించే పేజీ ఇచ్చామనుకోండి.

"బాబాయ్ గారూ, బోల్టులు టైట్ చేయాలని ఉందండి. ఎంత టైటు?"

"చేతికే తెలిసిపోద్దిరా."

అదిగో, పేజీలో లేనిది దొరికింది. బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచ్ తెచ్చి, డ్రాయింగ్ ప్రకారం ఎంతో చూసి ఆ అంకె రాయాలి. కుర్రాడు ఎక్కడ ఆగితే అక్కడ ఒక వాక్యం కలపాలి.

అయితే మేస్త్రి మనసులో ఒక భయం ఉంటుంది, దాన్ని చిన్నచూపు చూడొద్దు. "అంతా రాసిచ్చేస్తే రేపు నాతో పనేముంటుంది?" ఇరవై ఏళ్లు ఎండలో, పొగలో నేర్చుకున్న విద్య అది. ఓనర్లకి నా మనవి: ఆ పేజీ కింద "రాయించినవారు" అని ఆయన పేరు వేయండి. మార్పు చేయాలంటే ఆయన సంతకం ఉండాలని పెట్టండి. కొత్తవాళ్లకి నేర్పే గంటలకి జీతంలో లెక్క కట్టండి. అప్పుడు ఆయనే పిలిచి మరీ రాయిస్తాడు. ఈ గౌరవం ఇవ్వని చోట ఎంత మంచి పద్ధతి పెట్టినా నిలబడదు.

వాట్సాప్ మానేయమని చెప్పను, మానలేం కూడా. డ్రాయింగ్‌ని ఫోటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, ఫోటో అయితే కుదించుకుపోయి 3కి, 8కి తేడా తెలియదు. గ్రూపులో తేలిన ప్రతి నిర్ణయం సాయంత్రానికి జాబ్ ఫైల్లోకి ఎక్కాలి. ఫైలు పేరులో జాబ్ నంబరు, డ్రాయింగ్ నంబరు, రివిజన్ ఉండాలి. "ఫైనల్", "కొత్త ఫైనల్" అనే పేర్లు కంపెనీలో కనబడకూడదు. కాగితం ఫైళ్ల బీరువా కింది అరలో ఉంటే ఈ వానాకాలం లోపే పైకి మార్చి, స్కాన్ చేయించి ఒక కాపీ వేరే చోట ఉంచండి.

ఐఎస్ఓ సర్టిఫికెట్ కోసమైతే గుట్టలకొద్దీ కాగితాలు కావాలనే అపోహ ఇంకా ఉంది. నాణ్యత పద్ధతులకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్ఓ 9001లో, 2015 కూర్పు నుంచి క్వాలిటీ మాన్యువల్ తప్పనిసరి అన్న నిబంధనే తీసేశారు. మీ పనికి అవసరమైన సమాచారం, సరైన రివిజన్‌లో, కావాల్సిన మనిషికి కావాల్సిన చోట దొరకాలన్నదే అది అడిగేది. ఆడిట్ ముందు రాత్రి కూర్చుని ఆరు నెలల రిజిస్టర్లు నింపడం మాత్రం మానేయాలి. అది అబద్ధం, పైగా ఏ అంకెనీ నమ్మొద్దని కుర్రాళ్లకి నేర్పినట్టవుతుంది.

(తెరపై: మోగుతున్న ఫోన్, పక్కన నోటు పుస్తకం)

మొదట ఏ పేజీ రాయాలో తెలియడం లేదంటారా? మేస్త్రి గారు పెళ్లికో పండక్కో నాలుగు రోజులు సెలవు పెట్టినప్పుడు, షాపు నుంచి ఆయనకి వెళ్లే ప్రతి ఫోన్ కాల్‌నీ ఒక పుస్తకంలో రాయించండి. ఎవరు చేశారు, ఏం అడిగారు, ఆయన ఏం చెప్పారు. ఆయన తిరిగొచ్చాక మీరూ ఆయనా కూర్చుని, ఎక్కువసార్లు అడిగిన ప్రశ్నతో మొదటి పేజీ మొదలుపెట్టండి.