ఓడిపోతే మొదటి పిక్ వస్తుంది, సరే. వచ్చాక ఏం చేస్తారు?

నమస్కారం. డిసెంబరు వచ్చిందంటే చాలు, ఇక్కడి మన అమెరికన్ ఫుట్‌బాల్ (ఎన్‌ఎఫ్‌ఎల్ లీగు) అభిమానుల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే భజన. "ఈ సీజన్ ఎలాగూ గంగలో కలిసింది. మిగిలిన ఆటలు కూడా ఓడిపోతే పీడా పోతుంది, కనీసం మొదటి పిక్ అయినా దక్కుతుంది." పిక్ అంటే ఏటా ఏప్రిల్‌లో జరిగే డ్రాఫ్టులో, కాలేజీల నుంచి వచ్చే కుర్రాళ్లను ఎంచుకునే వంతు. అట్టడుగున ఉన్న జట్టుకే మొదటి వంతు. ప్రతి ఏడాదీ ఇదే మాట, ప్రతి ఏడాదీ నాకు ఒళ్లు మండుతుంది. ఓటమి అంటే నాకు భయం లేదు. నేను షికాగో బేర్స్ అభిమానిని, ఓటమికీ నాకూ పాత చుట్టరికం. నా కోపమంతా ఆ మాట వెనకున్న లెక్క మీద. మొదటి పిక్ వస్తే అందరికంటే గొప్ప ఆటగాడు వస్తాడట, అతడు వస్తే కష్టాలన్నీ తీరతాయట.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. మనమంతా ఎంసెట్ కౌన్సెలింగ్ నీడలో పెరిగినవాళ్లం. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్, మా తరానికి మాత్రం ఎంసెటే. ర్యాంకు ముందుంటే సీటు ముందు, సీటు మంచిదైతే జీవితం బాగుపడినట్టే. డ్రాఫ్టును కూడా అదే కళ్లతో చూస్తాం.

సరే, ఆ ఎంసెట్‌తోనే చెబుతాను. నియమాలు మాత్రం మూడు చోట్ల మార్చి ఊహించుకోండి. అందరికంటే తక్కువ మార్కులు వచ్చినవాడికి ఒకటో ర్యాంకు. ఆ ర్యాంకు నచ్చకపోతే ఇంకొకరికి అమ్ముకోవచ్చు. పైగా వచ్చే ఏడాది రాబోయే ర్యాంకును, ఇంకా పరీక్ష రాయకముందే, ఈ ఏడాది బేరానికి పెట్టవచ్చు. ఇప్పుడు కౌన్సెలింగ్ కేంద్రం బయట ఎలాంటి బేరాలు నడుస్తాయో ఆలోచించండి. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ అంటే ఆ బేరాలే. లోపల సీటు తీసుకోవడం చివర్లో జరిగే చిన్న పని.

(తెరపై: 2023 జనవరి 8, ఇండియానాపోలిస్)

సీజన్ చివరి ఆదివారం. హ్యూస్టన్ టెక్సన్స్ ఈ ఆట ఓడితే చాలు, ఒకటో పిక్ వాళ్లదే. ఆట ముగియడానికి నిమిషం కూడా లేదు, 31-24తో వెనకబడి ఉన్నారు. నాలుగో డౌన్, అంటే బంతి చేజారకముందు ఆఖరి ప్రయత్నం, ఇంకా 20 గజాలు కావాలి. అంటే ఓటమిని పళ్లెంలో పెట్టి ఇచ్చినట్టే. అప్పుడు క్వార్టర్‌బ్యాక్ (జట్టులో బంతి విసిరేవాడు) డేవిస్ మిల్స్ 28 గజాల పాస్ విసిరాడు, జోర్డన్ ఏకిన్స్ ఎండ్ జోన్‌లో, అంటే గోల్ గీత అవతల, పట్టుకున్నాడు. స్కోరు 31-30. ఇప్పుడు మామూలు కిక్ కొడితే సమం అవుతుంది. కోచ్ లవీ స్మిత్ ఆ దారి పట్టలేదు. రెండు పాయింట్ల ప్రయత్నానికి వెళ్లాడు, మళ్లీ ఏకిన్స్‌కే బంతి, ఆట 32-31తో గెలిచారు. ఆ రాత్రే లవీ స్మిత్ ఉద్యోగం పోయింది. అదే రోజు మిన్నెసోటా చేతిలో ఓడిన మా బేర్స్ 3-14తో (3 గెలుపులు, 14 ఓటములు) ఒకటో పిక్ ఎగరేసుకుపోయారు. లవీ స్మిత్ ఒకప్పుడు మా కోచే! బేర్స్‌ను సూపర్ బౌల్‌కు, అంటే లీగు ఫైనల్‌కు, తీసుకెళ్లినవాడు. మాకు అంతకంటే పెద్ద కానుక వెళ్లిపోయాక ఇచ్చాడు.

"ఓడిపోండి" అని గ్రూపుల్లో రాసేవాళ్లు ఈ ఆట ఒక్కసారి చూడాలి. మైదానంలో ఉన్నవాడికి వచ్చే ఏప్రిల్‌తో ఏం పని? ఆ పిక్‌తో వచ్చే కుర్రాడు రేపు తన చోటుకే ఎసరు పెడతాడేమో. కోచ్ సంగతి చెప్పనక్కర్లేదు, గెలిచినా ఇంటికి పంపారు.

ఇప్పుడు అసలు కథ. ఒకటో ర్యాంకు చేతిలో పెట్టుకుని బేర్స్ ఏం చేశారు? మార్చిలో కరోలినా పాంథర్స్‌కు అమ్మేశారు. ప్రతిఫలం వినండి. ఆ ఏడాది 9వ పిక్, 61వ పిక్, 2024 మొదటి రౌండు పిక్, 2025 రెండో రౌండు పిక్, వీటన్నిటి మీద డీజే మూర్ అనే నికార్సయిన రిసీవర్ (పాస్‌లు పట్టే ఆటగాడు). మూర్ ఆ ఏడాదే 1364 గజాలు సాధించాడు, ఒక్క వాషింగ్టన్ ఆటలోనే 230. 9వ పిక్‌ను కూడా మావాళ్లు ఊరికే వదల్లేదు. ఫిలడెల్ఫియాతో బేరమాడి ఒక్క మెట్టు దిగి, అందుకు ఇంకో పిక్ పుచ్చుకుని, 10వ స్థానంలో డార్నెల్ రైట్‌ను తీసుకున్నారు.

నాకు బాగా ఇష్టమైన భాగం ఆ 2024 పిక్. మన ఎంసెట్‌లో చెప్పాలంటే, పక్కింటి అబ్బాయి లాంగ్ టర్మ్‌కు వెళ్లకముందే వాడి వచ్చే ఏడాది ర్యాంకు మనం రాయించుకున్నాం. వాడు పరీక్ష ఎంత ఘోరంగా రాస్తే మనకు అంత లాభం. పాంథర్స్ ఎంత ఘోరంగా రాశారంటే, 17 ఆటల్లో గెలిచినవి 2. ఆ సీజనంతా మేము రెండేసి ఆటలు చూశాం, మావాళ్లు గెలవాలని ఒకటి, కరోలినా ఓడాలని ఇంకొకటి. మరుసటి ఏప్రిల్‌లో ఒకటో పిక్ మళ్లీ బేర్స్ చేతికే వచ్చింది. దానితో క్వార్టర్‌బ్యాక్ కాలెబ్ విలియమ్స్‌ను తెచ్చుకున్నారు. సొంత 9వ పిక్‌తో రోమ్ ఒడుంజే వచ్చాడు. 2025 పిక్ 39వదిగా తేలి లూథర్ బర్డెన్ అయింది.

మరి ఒకటో ర్యాంకు పోగొట్టుకున్న టెక్సన్స్? రెండో పిక్‌తో సీజే స్ట్రౌడ్‌ను తీసుకున్నారు, అరిజోనాతో బేరమాడి మూడో పిక్ కూడా కొని విల్ ఆండర్సన్‌ను తెచ్చుకున్నారు. ఆ ఏడాది దాడిలో ఉత్తమ కొత్త ఆటగాడు స్ట్రౌడ్, రక్షణలో ఉత్తమ కొత్త ఆటగాడు ఆండర్సన్. జట్టు 10-7తో డివిజన్ గెలిచింది. కరోలినా అన్నీ ధారపోసి ఒకటో పిక్‌తో తెచ్చుకున్న బ్రైస్ యంగ్‌ను రెండో ఏడాది రెండు ఆటలు కాగానే బెంచి మీద కూర్చోబెట్టారు. పాపం, తప్పంతా ఆ అబ్బాయిది కాదు. ఉన్న మంచి రిసీవర్‌ను బేరంలో మాకే ఇచ్చేశాక అతడు ఎవరికి విసరాలి?

ఇక ఈ బేరాలకు ధర ఎవరు కడతారు? 1990ల మొదట్లో డాలస్ కౌబాయ్స్‌లో జిమ్మీ జాన్సన్ కోచ్‌గా ఉన్నప్పుడు, జట్టులో వాటాదారు మైక్ మెకాయ్ ఒక పట్టిక తయారు చేశాడు. ఒకటో పిక్ 3000 పాయింట్లు, రెండోది 2600, మూడోది 2200, పదోది 1300, ముప్పై రెండోది 590. ఇప్పుడు జట్లకు సొంత పట్టికలు వచ్చాయి, అయినా బేరం మాట్లాడేటప్పుడు ఈ పాత పట్టిక నీడ పోలేదు. ఒకటి నుంచి రెండుకు దిగితే 400 తరుగు, 31 నుంచి 32కు దిగితే 10. కొండ పైభాగమంతా నిటారుగా ఉందన్నమాట.

ఆ నిటారు నిజమేనా? కేడ్ మాసీ, రిచర్డ్ థేలర్ అనే ఇద్దరు దీన్ని తవ్వి చూశారు. థేలర్ అంటే 2017లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నాయన. ఒకే స్థానంలో ఆడే ఇద్దరిలో ముందు ఎంపికైనవాడు, వెంటనే అతడి తర్వాత ఎంపికైనవాడి కంటే మెరుగ్గా ఆడే అవకాశం వాళ్ల లెక్కలో 52 శాతం. నాణెం ఎగరేస్తే 50. ఆ రెండు శాతం కోసం జట్లు ఇల్లూ వాకిలీ రాసిస్తున్నాయి.

మా ఇల్లు కూడా అలాగే పోయింది. 2017లో బేర్స్‌ది మూడో పిక్. ఒక్క మెట్టు, ఒకే ఒక్క మెట్టు ఎక్కి రెండుకు రావడానికి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఆ మూడో పిక్‌తో పాటు ఆ ఏడాది మూడో రౌండు, నాలుగో రౌండు పిక్‌లు, మరుసటి ఏడాది మూడో రౌండు పిక్ కూడా ఇచ్చుకున్నారు. తెచ్చుకున్నది క్వార్టర్‌బ్యాక్ మిచెల్ ట్రుబిస్కీని. అదే డ్రాఫ్టులో పదో పిక్ వరకు మిగిలిపోయి, తర్వాత సూపర్ బౌల్‌లు గెలిచిన క్వార్టర్‌బ్యాక్ పేరు ప్యాట్రిక్ మహోమ్స్. ఇంతకంటే నేను చెప్పలేను, గొంతు పట్టేస్తుంది.

అసలు పిక్ చేతికొచ్చాక ఉండే చిక్కు ఇంకొకటి. "మనకు టాకిల్ (క్వార్టర్‌బ్యాక్‌కు కాపు కాసేవాడు) లేడు, టాకిల్‌నే తీసుకోవాలి" అంటారు ఒకరు. "ఉన్నవాళ్లలో గొప్పవాడిని తీసుకో, స్థానం తర్వాత చూద్దాం" అంటారు ఇంకొకరు. ఇది మన ఇళ్లలో రాత్రి పన్నెండింటికి వెబ్ ఆప్షన్లు పెడుతూ జరిగే గొడవే. కాలేజీ ముఖ్యమా, బ్రాంచి ముఖ్యమా? నాన్న మంచి కాలేజీ అంటాడు, మామయ్య ఏ కాలేజీ అయినా కంప్యూటర్సే అంటాడు. నేను నాన్న పక్షం. ఈ ఏడాది ఉన్న ఖాళీ రెండేళ్లలో వేరే చోటికి మారుతుంది, ఆటగాడి సత్తా మారదు. ఒక్క క్వార్టర్‌బ్యాక్ విషయంలో మామయ్య మాటే వినాలి. అతడు లేకపోతే మిగతా బ్రాంచీలన్నీ వృథా.

సమయం అయిపోతోంది, మిగిలినవి గబగబా చెప్పేస్తాను. ఒకే గెలుపోటములున్న జట్ల మధ్య ఎవరు ముందు అంటే, ఎవరి ప్రత్యర్థులు బలహీనులో వాళ్లే ముందు. ఎంసెట్‌లో మార్కులు సమానమైతే గణితం చూసినట్టు, ఇక్కడ ఎవరెవరి మీద ఆడారో చూస్తారు. తేలిక జట్ల మీద ఓడినవాడే అసలైన బలహీనుడు, అతడికే ముందు పిక్.

డబ్బు. 2010లో ఒకటో పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్ ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. 2011లో నియమం మారి కొత్తవాళ్ల జీతాలకు హద్దు పడింది, ఒకటో పిక్ క్యామ్ న్యూటన్‌కు నాలుగేళ్లకు 2.2 కోట్లు. అంటే ఇప్పుడు ఒకటో పిక్ తప్పినా జట్టు దివాలా తీయదు. మాసీ, థేలర్‌ల అధ్యయనం చాలావరకు పాత జీతాల కాలానిది, అది కూడా గుర్తుంచుకోండి.

చివరిది, 32వ పిక్, అంటే మొదటి రౌండులో ఆఖరిది. చాలామంది దాన్ని చిన్నచూపు చూస్తారు. మొదటి రౌండులో వచ్చినవాడిని నాలుగేళ్ల ఒప్పందం తర్వాత ఐదో ఏడాది కూడా అట్టిపెట్టుకునే హక్కు జట్టుకు ఉంటుంది, రెండో రౌండు వాడి మీద ఉండదు. 33కీ 32కీ తేడా పట్టికలో పది పాయింట్లే, ఒప్పందంలో ఏకంగా ఒక ఏడాది. 2018లో బాల్టిమోర్ అంత రాత్రివేళ ఫిలడెల్ఫియాతో బేరమాడి సరిగ్గా ఆ 32వ పిక్‌నే కొన్నది, తర్వాత పెద్ద స్టార్ అయిన క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ కోసం.