శృతి మారినా పాట మారకూడదు

అందరికీ నమస్కారం. చర్చిలో క్వయర్ నడిపేవాళ్లు, బ్యాండు మేళంలో వాయించేవాళ్లు ఇవాళ అమలాపురంలో ఒకే గదిలో కూర్చోవడం నాకు చాలా ఆనందంగా ఉంది. పాట శృతిని కంప్యూటర్‌లో ఎలా మార్చాలో ఇవాళ చూద్దాం.

ధవళేశ్వరం లాకుల్లో పడవను పైకెక్కించడం చూసిన పెద్దవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. తలుపులు మూసి నీళ్లు వదిలితే పడవ మొత్తం లేస్తుంది. లోపలి బస్తాలు మాత్రం పేర్చినవి పేర్చినట్టే ఉంటాయి. శృతి మార్చడమూ అంతే. స్వరాలన్నీ కలిసి కదలాలి, వాటి మధ్య దూరాలు చెక్కుచెదరకూడదు.

ఒక పాట పాశ్చాత్య లెక్కలో ఈ ఫ్లాట్ (E♭) లో, అంటే మన లెక్కలో రెండున్నర శృతిలో ఉందనుకోండి. పై ఈ ఫ్లాట్ దగ్గరికి వచ్చేసరికి మన అమ్మాయిలు మెడ నరాలు బిగబట్టి అరుస్తున్నారు. దాన్ని ఒకటి శృతికి, అంటే సి కి దించాలి. హార్మోనియం మీద నల్లవీ తెల్లవీ కలిపి లెక్కపెడితే మూడు మెట్లు కిందికి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే చాలదా అంటారు. చాలదు. అది శబ్దాన్నే దించుతుంది, కాగితం మీది స్వరాలు అలాగే ఉండిపోతాయి.

కంప్యూటర్‌లో స్వరాలు రాసుకునే సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దాంట్లోనే చెబుతాను. కంట్రోల్, ఏ నొక్కి మొత్తం సెలెక్ట్ చేయండి. టూల్స్ మెనూలో ట్రాన్స్‌పోజ్ తెరవండి. స్వరాలన్నిటినీ సమానంగా జరిపే క్రొమాటిక్ ఎంచుకుని, కొత్త కీ, అంటే శృతి, సి అని, దిశ డౌన్ అని పెట్టండి. పొరపాటున అప్ అని ఉంటే పాట తొమ్మిది మెట్లు పైకి పోతుంది. కీ సిగ్నేచర్లకూ (గీతల మొదట్లో శృతిని చెప్పే గుర్తులకూ), కార్డ్ పేర్లకూ టిక్ ఉందో లేదో చూసుకోండి. కార్డ్ పేర్లు మారకపోతే గిటార్ అబ్బాయి పాత శృతిలోనే వాయిస్తాడు.

అదే పెట్టెలో డయటోనిక్ అని ఇంకొకటి ఉంటుంది. దీని దగ్గర కాస్త ఆగుదాం. ఇది పాటను అదే స్కేల్ స్వరాల మీద పక్కకు జరుపుతుంది. సి, డి, ఈ అన్నవి ఒక స్థానం జరిగితే డి, ఈ, ఎఫ్ అవుతాయి. మొదటిదాంట్లో రెండు మెట్లు, మళ్లీ రెండు మెట్లు. ఇప్పుడు రెండు, ఒకటి. శంకరాభరణం రాగం నడక పోయి ఖరహరప్రియ రాగం నడక వచ్చేసింది. అవే స్వరాల్లో షడ్జాన్ని వేరే స్వరానికి మార్చే మన గ్రహభేదం అన్నమాట. శృతి మార్చడానికి దీని జోలికి పోవద్దు. పాట కింద మూడో స్వరంలో రెండో గొంతు రాయాలంటే మాత్రం ఇది బంగారం లాంటిది.

ఇక క్లారినెట్. మన మేళాల్లో వాడేది ఎక్కువగా బి ఫ్లాట్ క్లారినెట్. దాని కాగితం మీద సి ఉంటే, పలికేది ఒక పూర్తి స్వరం కిందున్న బి ఫ్లాట్. అందుకే క్వయర్ సి లో పాడితే క్లారినెట్ వాయించే ఆయనకు డి లో రాసివ్వాలి. సాఫ్ట్‌వేర్ ఈ లెక్క తనే చూసుకుంటుంది, కానీ పలికే స్వరాలనే కాగితం మీద చూపించే కన్సర్ట్ పిచ్ బటన్ ఆన్‌లో ఉంటే చూసుకోదు. ఒక క్రిస్మస్ రిహార్సల్‌కు నేను ఆ బటన్ తీయకుండానే ప్రింటు ఇచ్చాను. క్లారినెట్ మాస్టారు కాగితంలో ఉన్నది ఉన్నట్టు వాయించారు. రెండో గీతకే అందరూ పాడటం ఆపి ఆయన వైపు తిరిగారు. చెవితో అయితే ఏ శృతిలోనైనా వాయించగల మనిషి. కాగితమే చూడమన్నది నేను. ఆ పూట ఆయన తల దించుకోవడం నాకింకా బాధగానే ఉంటుంది. అప్పటినుంచి ప్రింటు తీసేముందు ఆ బటన్ చూడందే చెయ్యి కదలదు.

శృతి మార్చాక స్వరాల రంగు కూడా చూడండి. ఎరుపు కనిపిస్తే అది ఆ వాద్యానికో గొంతుకో అందని స్వరం. అమ్మాయిల కోసం దించినప్పుడు కింద బేస్ పాడేవాళ్లకు అందుతోందా అన్నదీ అక్కడే తేలుతుంది. రంగు ఎలా ఉన్నా వాళ్ల చేత ఒకసారి పాడించి వినండి.

ఇప్పుడు మీరు తెచ్చిన పాటలు తెరవండి. ముందుగా అందులో అన్నిటికన్నా పై స్వరం ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. అక్కడి నుంచి మొదలుపెడదాం.